డిజిటల్ మామోగ్రామ్: బోర్డు మీద మాట ఒకటే, లోపల మెషిన్లు వేరు

మామోగ్రామ్ రిపోర్టు వచ్చిన ఇంట్లో తరచూ వినపడే ప్రశ్నలు రెండు. "నార్మల్ అని రాశారు కదా, మళ్లీ సూది పరీక్ష ఎందుకు?" అనేది మొదటిది. "బైరాడ్స్ నాలుగు అని ఉంది, అంటే నాలుగో స్టేజా?" అనేది రెండోది, ఇది అడిగేటప్పటికే ఇంట్లో సగం మంది ఏడ్చి ఉంటారు. రెండో దానికి జవాబు ముందే చెప్పేస్తాను: కాదు, బైరాడ్స్ అంటే క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పే అంకె, ఆ నాలుగుకీ స్టేజి నాలుగుకీ చుట్టరికం కూడా లేదు. మొదటిదానికి జవాబు కాస్త పొడుగు. మామోగ్రామ్ అనేది రొమ్ములో అనుమానించాల్సింది ఏమైనా ఉందా, ఉంటే ఆ అనుమానం ఎంత బలమైనది అని చెప్పే ఎక్స్‌రే, అంతే. ముందు "డిజిటల్" అని తగిలించినంత మాత్రాన అది తీర్పు అయిపోదు. పైగా ఆ డిజిటల్ అన్న బోర్డు వెనక వేర్వేరు రకాల మెషిన్లు ఉంటాయి, వాటి పనితనంలో తేడా చిన్నదేం కాదు, ఆ సంగతి మాత్రం డబ్బులు కట్టే కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు.

అసలు ఈ పరీక్షకి రెండు రకాల వాళ్లు వస్తారు. ఏ బాధా లేదు, నలభై దాటాయి కదా ఒకసారి చూపించుకుందాం అని వచ్చేవాళ్లు ఒక రకం, వాళ్లకి చేసేది స్క్రీనింగ్. రొమ్ములో గడ్డ తగిలిందనో, చనుమొన నుంచి నెత్తురు చుక్క వచ్చిందనో, చర్మం ఒకచోట సొట్ట పడిందనో, మొన్నటిదాకా బాగానే ఉన్న చనుమొన లోపలికి లాక్కుపోయిందనో వచ్చేవాళ్లు రెండో రకం, వాళ్లకి చేసేది డయాగ్నస్టిక్ మామోగ్రామ్, అంటే జబ్బు ఉందో లేదో తేల్చుకోవడానికి. మెషిన్ అదే, గది అదే, పని వేరు. స్క్రీనింగ్‌లో ఒక్కో రొమ్ముకి రెండు చొప్పున నాలుగు ఫొటోలు తీస్తే సరిపోతుంది. రెండో రకంలో గడ్డ ఉన్నచోట చిన్న ప్లేటుతో మళ్లీ నొక్కి తీస్తారు, అవసరమైతే పెద్దది చేసి తీస్తారు, చాలామందికి అదే రోజు అల్ట్రాసౌండ్ కూడా చేస్తారు. అందుకని "మామోగ్రామ్‌కి వచ్చామండీ" అని ఊరుకోకుండా గడ్డ ఉంటే ఉందని, ఏ వైపో, ఎన్నాళ్ల నుంచో టెక్నీషియన్‌కి చెప్పాలి. మన ఆడవాళ్లు చాలామంది ఈ మాట నోరు విప్పి చెప్పరు. హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఇది కూడా ఉంది కదా అని అందులో కలిపి కానిచ్చేస్తారు, అక్కడేమో ఈవిడకి ఏ బాధా లేదనుకుని మామూలు నాలుగు ఫొటోలు తీసి పంపేస్తారు.

చేతికి గడ్డ తగులుతున్నప్పుడు మామోగ్రామ్ నార్మల్ వచ్చినా ఆ గడ్డ సంగతి అక్కడితో తేలదు. డాక్టరు చేత్తో చూసినది, ఫొటోల్లో కనిపించినది, సూదితో తీసిన ముక్కలో తేలినది, ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. ఒకటి అటూ రెండు ఇటూ ఉంటే వెతుకులాట ఆపకూడదు. అమెరికాలో స్క్రీనింగ్ లెక్కల ప్రకారం మామోగ్రామ్ దాదాపు ఎనిమిది రొమ్ము క్యాన్సర్లలో ఒకదాన్ని పట్టుకోలేదు. "నార్మల్ వచ్చాక కూడా సూది పరీక్షా, డబ్బుల కోసమేగా" అనే ముందు ఈ లెక్క ఒకసారి గుర్తు చేసుకోవాలి. డబ్బుల కోసం చేసే పరీక్షలు మన దగ్గర లేవని నేననను, కానీ చేతికి తగిలే గడ్డకి చేసే బయాప్సీ ఆ కోవలోది కాదు.

ఇక పరీక్ష రోజు సంగతి. చంకలో పౌడరు, డియోడరెంట్ రాసుకురావద్దంటారు, అది చాదస్తం కాదు. డియోడరెంట్లలో ఉండే అల్యూమినియం రేణువులు ఎక్స్‌రేలో తెల్ల చుక్కల్లా పడతాయి, క్యాన్సర్ తొలి దశలో కనిపించే కాల్షియం చుక్కలు కూడా అలాగే ఉంటాయి, దాంతో లేనిపోని టెన్షన్. పీరియడ్స్ ఇంకా వస్తున్నవాళ్లు అవి అయిపోయిన వారంలో వెళ్తే మంచిది, అప్పుడు నొప్పి తక్కువ. మెషిన్ ముందు నిలబెట్టి, రొమ్మును ఒక ప్లేటు మీద ఉంచి, పైనుంచి ప్లాస్టిక్ పలకతో నొక్కుతారు. ఒకటి నిటారుగా పై నుంచి కిందికి, ఇంకొకటి ఏటవాలుగా, చంక వైపు భాగం, ఛాతీ కండరం కూడా పడేలా. ఊపిరి బిగబట్టమంటారు, కొన్ని సెకన్లలో వదిలేస్తారు. ఆ నొక్కడం మీద మన దగ్గర కథలు చాలా ఉన్నాయి, నొక్కితే గడ్డ చితికి క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని కూడా చెప్పుకుంటారు. అలాంటిదేం జరగదు. నొక్కకపోతేనే నష్టం: ఒకదాని వెనక ఒకటి దాక్కున్న కణజాలం విడివడదు, మందంగా ఉంటుంది కాబట్టి రేడియేషన్ ఎక్కువ వాడాల్సి వస్తుంది, కాస్త కదిలినా ఫొటో మసకబారుతుంది. రేడియేషన్ భయం ఉన్నవాళ్ల కోసం ఒక అంకె. రెండు వైపులా కలిపి పడే డోసు సుమారు 0.4 మిల్లీసీవర్ట్. ఏ పరీక్షా చేయించుకోకుండా ఇంట్లో కూర్చున్నా నేల నుంచి, ఆకాశం నుంచి, గాలి నుంచి మనకు ఏడు వారాల్లో తగిలేది దాదాపు అంతే ఉంటుంది.

రొమ్మును ఎక్స్‌రే తీసి చూడాలన్న ఆలోచన కొత్తది కాదు. బెర్లిన్‌లో ఆల్బర్ట్ సాలమన్ అనే సర్జన్, ఆపరేషన్‌లో తీసేసిన రొమ్ములను వేల సంఖ్యలో ఎక్స్‌రే తీసి 1913లోనే రాశాడు. రొమ్ము కోసమే ప్రత్యేకంగా మెషిన్ రావడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. 1977లో స్వీడన్‌లోని రెండు కౌంటీల్లో మొదలైన పెద్ద అధ్యయనం, స్క్రీనింగ్‌కి పిలిచిన ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్ చావులు సుమారు 30 శాతం తగ్గాయని చూపించాక పాశ్చాత్య దేశాలు దీన్ని ప్రభుత్వ కార్యక్రమంగా ఎత్తుకున్నాయి. ఇదంతా ఫిల్ము కాలం. ఫిల్ముతో వచ్చిన చిక్కు ఏమిటంటే ఎక్స్‌రేని పట్టుకునేదీ, దాచేదీ, చూపించేదీ ఆ ఒక్క షీటే. ఎక్స్‌పోజర్ కాస్త అటూ ఇటూ అయితే ఫొటో పాడైపోయినట్టే, మళ్లీ తీయాల్సిందే. రొమ్ములో గ్రంథుల కణజాలం ఎక్కువగా ఉంటే ఆ భాగమంతా ఫిల్ము మీద ముద్దగా తెల్లగా వచ్చేస్తుంది. క్యాన్సర్ గడ్డ కూడా తెల్లగానే కనిపిస్తుంది. తెల్ల సున్నం కొట్టిన గోడ మీద సున్నం మచ్చని వెతకమన్నట్టు ఉంటుంది వ్యవహారం.

డిజిటల్ చేసిందల్లా ఆ మూడు పనుల్నీ విడగొట్టడమే. పట్టుకునే పని డిటెక్టర్‌ది, దాచే పని కంప్యూటర్‌ది, చూపించే పని మానిటర్‌ది. డిటెక్టర్లలోనూ రకాలున్నాయి. కొన్నింటిలో సీజియం అయోడైడ్ పొర ఎక్స్‌రేని ముందు వెలుగుగా మార్చాక ఆ వెలుగు కరెంటు సిగ్నల్ అవుతుంది, ఇంకొన్నింటిలో సెలీనియం పొర నేరుగా కరెంటు సిగ్నల్‌గా మార్చేస్తుంది. చూసే రేడియాలజిస్టు మానిటర్ మీద వెలుగు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, తెల్ల ముద్దలో దాక్కున్న కొద్దిపాటి తేడాని లాగి బయటపెట్టొచ్చు, ఒక మూలని పెద్దది చేసుకోవచ్చు, పోయినేడు తీసినదాన్ని పక్కన పెట్టుకోవచ్చు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సన్నటి గీతల్ని విడివిడిగా చూపించడంలో, అంటే సూక్ష్మమైన వివరంలో, పాత ఫిల్మే మెరుగు. డిజిటల్ గెలిచింది అక్కడ కాదు, తెలుపుకీ ఇంకాస్త తెలుపుకీ మధ్య తేడా చూపించడంలో. అమెరికాలో మొదటి పూర్తిస్థాయి డిజిటల్ మెషిన్‌కి అనుమతి వచ్చింది 2000 జనవరిలో.

మరి నిజంగా మెరుగేనా? దీని మీద డీమిస్ట్ అనే పెద్ద అధ్యయనం అమెరికా, కెనడాల్లో 33 చోట్ల జరిగింది. 49,528 మంది ఆడవాళ్లు చేరారు, ప్రతి ఒక్కరికీ ఫిల్ముతోనూ డిజిటల్‌తోనూ రెండు రకాలుగా తీసి, వేర్వేరు రేడియాలజిస్టులతో చదివించారు. 2005లో ఫలితం వచ్చింది. మొత్తం మీద చూస్తే రెండూ సమానమే. కానీ యాభై ఏళ్ల లోపు వాళ్లలో, రొమ్ము కణజాలం దట్టంగా ఉన్నవాళ్లలో, ముట్లు ఇంకా ఆగనివాళ్లలో, ఆగే దశలో ఉన్నవాళ్లలో డిజిటల్ స్పష్టంగా ముందుంది. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ పాశ్చాత్య దేశాల కంటే చిన్న వయసులోనే ఎక్కువగా బయటపడుతోంది కాబట్టి ఈ ఫలితం మనకే ఎక్కువ పనికొస్తుంది. అరవై ఐదేళ్ల పెద్దావిడకి ఎప్పుడో ఫిల్ముతో తీసి బాగానే ఉందన్నారనుకోండి, అయ్యో డిజిటల్ కాదే అని ఇప్పుడు బెంగపెట్టుకోవాల్సిన పని లేదు.

ఇప్పుడు బోర్డు సంగతికి వద్దాం. మన ఊళ్లలో డిజిటల్ మామోగ్రఫీ అని రాసి ఉన్నచోట లోపల రెండింటిలో ఏదైనా ఉండొచ్చు. ఒకటి సీఆర్, ఇంకొకటి డీఆర్. సీఆర్ అంటే పాత ఫిల్ము మెషినే, ఫిల్ము క్యాసెట్ బదులు ఫాస్ఫర్ ప్లేటున్న క్యాసెట్ పెడతారు, ఫొటో తీశాక ఆ క్యాసెట్‌ని తీసుకెళ్లి వేరే రీడర్‌లో పెడితే అది లేజర్‌తో చదివి కంప్యూటర్‌కి పంపుతుంది. డీఆర్‌లో డిటెక్టర్ మెషిన్‌లోనే బిగించి ఉంటుంది, బొమ్మ కొన్ని సెకన్లలో స్క్రీన్ మీద పడుతుంది. గుర్తుపట్టడం చాలా తేలిక. ఒక్కో ఫొటో అయ్యాక టెక్నీషియన్ పుస్తకం సైజు పెట్టె ఒకటి బయటకు లాగి పక్క గదిలోకి పట్టుకెళ్తోందంటే అది సీఆర్. మీరు నిలబడి ఉండగానే పక్కనున్న స్క్రీన్ మీద బొమ్మ వచ్చేసిందంటే డీఆర్. ఫోన్ చేసి అడిగినా చెబుతారు, అడిగేవాళ్లే ఉండరు.

ఈ తేడా ఎంతో కెనడాలోని ఒంటారియో రాష్ట్రం లెక్క తేల్చింది. అక్కడి ప్రభుత్వ స్క్రీనింగ్‌లో ఒకే కాలంలో ఫిల్ము, సీఆర్, డీఆర్ మూడూ నడిచేవి. 50 నుంచి 74 ఏళ్ల ఆడవాళ్లలో వెయ్యి మందికి ఎన్ని క్యాన్సర్లు బయటపడ్డాయని చూస్తే ఫిల్ముతో 4.8, డీఆర్‌తో 4.9, సీఆర్‌తో 3.4. అంటే సీఆర్ పాత ఫిల్ము కన్నా కూడా వెనకబడింది. 2013లో ఈ సంగతి బయటికొచ్చాక ఆ రాష్ట్రం సీఆర్ మెషిన్లను మార్చేసే పనిలో పడింది. దీన్ని పట్టుకుని సీఆర్ దండగ అనడం కూడా తప్పే. గడ్డ తగిలింది, దగ్గరలో ఉన్నది అదొక్కటే అంటే మారు మాట్లాడకుండా అక్కడే తీయించుకోవాలి, తర్వాత అల్ట్రాసౌండ్, బయాప్సీ ఎలాగూ ఉంటాయి. ఏ బాధా లేకుండా ఊరికే స్క్రీనింగ్‌కి వెళ్లే వాళ్లకి మాత్రం తొందరేం లేదు కదా, వాళ్లు డీఆర్ ఉన్న సెంటర్ వెతుక్కోవాలన్నది నా మాట. అక్టోబర్ వచ్చిందంటే గులాబీ రిబ్బన్లు కట్టి సగం ధరకే డిజిటల్ మామోగ్రామ్ అని ప్రకటనలు వేస్తారే, అప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

రిపోర్టులో ఇంకో మాట ఉంటుంది, డెన్సిటీ అని. ఏ, బీ, సీ, డీ అని నాలుగు రకాలు. ఏ అంటే రొమ్ములో దాదాపు అంతా కొవ్వే, ఎక్స్‌రేలో నల్లగా వస్తుంది, గడ్డ ఉంటే తెల్లగా ఎగిరి కనిపిస్తుంది. డీ అంటే పూర్తిగా దట్టం. నలభై దాటినవాళ్లలో దాదాపు సగం మంది సీ, డీల్లోనే ఉంటారు, కాబట్టి ఇది జబ్బు కాదు. రొమ్ము చేతికి గట్టిగా ఉందా మెత్తగా ఉందా అన్నదానితో దీనికి సంబంధం లేదు, మామోగ్రామ్ తీస్తేనే తెలుస్తుంది. అయితే దట్టంగా ఉంటే రెండు నష్టాలు: క్యాన్సర్ వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది, వచ్చినా మామోగ్రామ్‌లో దాక్కుంటుంది. అమెరికాలో 2024 సెప్టెంబర్ 10 నుంచి మామోగ్రామ్ చేసిన ప్రతి సెంటరూ నీ రొమ్ము దట్టమో కాదో పేషెంటుకే రాసి పంపాలని రూలు పెట్టారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన అమ్మాయిలు ఆ ఉత్తరం చూసి హడలిపోయి ఇంటికి ఫోన్ చేస్తుంటారు. అందులో క్యాన్సర్ ఉందని రాయలేదు, ఇంకేమైనా పరీక్ష కావాలేమో మీ డాక్టర్‌ని అడగండి అని మాత్రమే ఉంది. ఇంకేమైనా అంటే సాధారణంగా అల్ట్రాసౌండ్, బీఆర్‌సీఏ జన్యు మార్పు లాంటివి ఉండి ముప్పు బాగా ఎక్కువున్నవాళ్లకి ఎమ్మారై. అల్ట్రాసౌండ్ కలిపితే మామోగ్రామ్‌లో దొరకనివి కొన్ని దొరుకుతాయి, దాంతోపాటు క్యాన్సర్ కాని వాటికి సూది గుచ్చించుకోవడమూ పెరుగుతుంది. మన దగ్గర ముప్పై లోపు అమ్మాయికి గడ్డ తగిలితే డాక్టర్లు ముందు అల్ట్రాసౌండే రాయడానికి కారణం కూడా ఈ డెన్సిటీయే.

త్రీడీ మామోగ్రామ్, అసలు పేరు టోమోసింథసిస్, అమెరికాలో 2011లో వచ్చింది. ఎక్స్‌రే ట్యూబు రొమ్ము చుట్టూ చిన్న వంపులో తిరుగుతూ చాలా ఫొటోలు తీస్తుంది, కంప్యూటర్ వాటిని మిల్లీమీటరు మందం పొరలుగా పేర్చి చూపిస్తుంది. ఒకదాని మీద ఒకటి పడి గడ్డలా భ్రమపెట్టేవి విడిపోతాయి, వెనక దాక్కున్నవి బయటపడతాయి, వెయ్యి మందికి ఒకటో రెండో క్యాన్సర్లు అదనంగా దొరుకుతాయి. బాగా దట్టమైన రొమ్ములో దీనికీ పరిమితి ఉంది. కార్పొరేట్ సెంటర్లలో అమ్మకం మాటల్లో అంత కాకపోయినా, పనికొచ్చే టెక్నాలజీయే.

ఇక బైరాడ్స్. మామోగ్రామ్ చూసి ఒక్కో డాక్టర్ ఒక్కో భాషలో రాస్తే అవతలి సర్జన్‌కి అర్థం కావట్లేదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 1993లో తెచ్చిన పద్ధతి ఇది. సున్నా అంటే ఏమీ లేదని కాదు, ఇంకా తేలలేదు, మరిన్ని ఫొటోలు గానీ అల్ట్రాసౌండ్ గానీ పాత ఫిల్ములు గానీ కావాలి అని. సున్నా చూసి హమ్మయ్య అనుకుని రిపోర్టు బీరువాలో పెట్టేసే ప్రమాదం ఉంది, అందుకే దాన్ని గట్టిగా చెబుతున్నాను. ఒకటి నార్మల్. రెండు అంటే ఏదో ఉంది కానీ క్యాన్సర్ కాదు. మూడు అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు, ఆరు నెలలకి మళ్లీ తీసి పోల్చుకోవాలి. ఆ ఆరు నెలలు ఏడాదిన్నర అయిపోవడం మన దగ్గర మామూలే. నాలుగులో మళ్లీ మూడు మెట్లు: 4ఏ అయితే 2 నుంచి 10 శాతం, 4బీ అయితే 10 నుంచి 50, 4సీ అయితే 50 నుంచి 95 శాతం. కాబట్టి రిపోర్టులో ఉత్త నాలుగు అని రాసి ఏ, బీ, సీ రాయకపోతే ఏ మెట్టని అడిగి తెలుసుకోవాలి, 4ఏకీ 4సీకీ ఉన్న తేడా ఆ రాత్రి నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ ఉన్నంత. ఐదు అంటే 95 శాతం పైన. ఆరు అంటే బయాప్సీలో ఇప్పటికే తేలిపోయిన క్యాన్సర్. స్టేజి అనేది ఇవన్నీ అయ్యాక, గడ్డ సైజు, చంకలో గ్రంథులు, వేరే అవయవాలు చూసి వేసేది.

నాలుగు, ఐదు వస్తే బయాప్సీ చేయాల్సిందే, అది కూడా వీలైనంత వరకు కోర్ బయాప్సీ, అంటే లావుపాటి సూదితో సన్నటి ముక్కలు తీసేది. సన్న సూదితో నీళ్లలా లాగే ఎఫ్‌ఎన్‌ఏసీలో కణాలు మాత్రమే వస్తాయి, ముక్క వస్తే అది ఏ రకం క్యాన్సరో, హార్మోన్ మందులకు లొంగేదో, హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉందో కూడా తేల్చొచ్చు, ట్రీట్‌మెంట్ అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. ముందు గడ్డ కోసేద్దాం, తర్వాత పరీక్షకి పంపుదాం అని చిన్న నర్సింగ్‌హోముల్లో తొందరపడి చేసే ఆపరేషన్‌తోనే అసలు చిక్కు, తర్వాత వచ్చే క్యాన్సర్ సర్జన్‌కి ఎంత మేర తీయాలో తెలియకుండా పోతుంది. సూది గుచ్చితే పాకుతుందన్న భయంతో బయాప్సీ తప్పించుకుని నెలలు గడిపేస్తుంటారు. మనిషికి నష్టం జరిగేది సూది వల్ల కాదు, ఆ పోయిన నెలల వల్లే. చేతికి తగలకుండా ఫొటోలో కాల్షియం చుక్కలు మాత్రమే కనిపిస్తే మామోగ్రామ్ మెషిన్ దారి చూపిస్తుండగా అక్కడికే సూది పంపుతారు, తీసిన ముక్కల్ని కూడా ఎక్స్‌రే తీసి చుక్కలు వచ్చాయో లేదో చూసుకుంటారు. చుక్కలన్నీ చెడ్డవి కావు. పేలాల్లా లావుగా ఉండేవి పాత ఫైబ్రోఅడినోమావి, అంటే క్యాన్సర్ కాని గడ్డవి, భయం లేదు. సన్నగా, వంకర టింకరగా, కొమ్మలు చీలినట్టు వరసలో ఉండేవే అనుమానించాల్సినవి, పాలనాళంలో ఇంకా గోడ దాటని తొలి క్యాన్సర్ చాలాసార్లు ఇలాగే పట్టుబడుతుంది.

అయితే అందరికీ ఏటా మామోగ్రామ్ తీసేద్దామా? ఇక్కడ దేశానికో లెక్క. అమెరికా నిపుణుల సంఘం 2024లో 40 నుంచి 74 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి అంది. ఇంగ్లండ్‌లో 50 నుంచి 71 లోపు, మూడేళ్లకోసారి. మన ప్రభుత్వ కార్యక్రమంలో అసలు మామోగ్రామే లేదు, 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకి ఐదేళ్లకోసారి ఆరోగ్య కార్యకర్త చేత్తో చూడటమే. వెనకబడ్డాం కాబట్టి ఇలా ఉందని అనుకోవద్దు, దీని వెనక లెక్క ఉంది. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి 35 నుంచి 64 ఏళ్ల 1,51,538 మందిని ఇరవై ఏళ్లపాటు గమనించారు. సగం బస్తీల్లో శిక్షణ పొందిన మహిళా కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేశారు. 2021లో వచ్చిన ఫలితం ప్రకారం, మూడు నాలుగు స్టేజిల్లో బయటపడేవి 47 శాతం నుంచి 37 శాతానికి తగ్గాయి. చావులు మొత్తం మీద 15 శాతం తగ్గినట్టు కనిపించినా ఆ తేడా గట్టిగా చెప్పేంతది కాదు, యాభై దాటినవాళ్లలో మాత్రం దాదాపు 30 శాతం తగ్గాయి. కోట్ల రూపాయల మెషిన్ ఏదీ లేకుండానే. ఆశా కార్యకర్త ఇంటికొస్తే మొహం చాటేసి, అక్టోబర్ ఆఫర్ కోసం కాచుక్కూర్చోవడం తెలివైన పని కాదు.

అలాగని పట్నాల్లో ఉన్నవాళ్లకి మామోగ్రామ్ వద్దని కాదు. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020 నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు దేశంలో అన్నిటికన్నా ఎక్కువ నమోదైంది హైదరాబాద్ జిల్లాలోనే, లక్ష మంది ఆడవాళ్లకి 48. చెన్నై, బెంగళూరు, ఢిల్లీ తర్వాతే. నలభై దాటి, చేతిలో స్తోమత ఉండి, నగరంలో ఉన్న ఆవిడ ఏడాదికో రెండేళ్లకో మంచి చోట తీయించుకోవడంలో అర్థముంది. అమ్మకో అక్కచెల్లెళ్లకో చిన్న వయసులో వచ్చి ఉంటే ఇంకా ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. దీనికి ఖరీదూ ఉంది, డబ్బు ఒక్కటే కాదు. అమెరికా లెక్కలో వెయ్యి మందికి స్క్రీనింగ్ చేస్తే వంద మందిని మళ్లీ రమ్మంటారు, చివరికి క్యాన్సర్ తేలేది సుమారు ఐదుగురికే. మిగతా తొంభై ఐదు మందికీ కొన్ని రోజులు నరకం. దొరికిన వాటిలోనూ కొన్ని ఎప్పటికీ ఇబ్బంది పెట్టకుండా ఉండిపోయేవే, కానీ ఏది అలాంటిదో ముందే చెప్పే ఉపాయం లేదు కాబట్టి అన్నిటికీ ట్రీట్‌మెంట్ ఇస్తారు. ఈ మాట చెప్పకుండా స్క్రీనింగ్‌ని పొగడటం నాకు నచ్చదు. ఇంకొకటి కూడా: క్యాంపుల్లో ముట్టుకోకుండా, నొక్కకుండా వేడిని ఫొటో తీసే థర్మల్ కెమెరా పరీక్షలు ఈ మధ్య పెరిగాయి, మామోగ్రామ్‌కి ఇది బదులు కాదని అమెరికా ఎఫ్‌డీఏ పదేపదే హెచ్చరించింది.

మెషిన్ ఎంత మంచిదైనా చదివేది మనిషి. ఇంగ్లండ్ స్క్రీనింగ్‌లో ఒక్కో ఫొటోని ఇద్దరు విడివిడిగా చదువుతారు, చదివేవాళ్లు ఏటా కనీసం 5,000 మందివి చదవాలి. అమెరికా చట్టం ప్రకారం రెండేళ్లలో 960 తప్పనిసరి. మన దగ్గర పొద్దున గర్భిణికి స్కానింగ్, మధ్యాహ్నం మెదడు సీటీ, సాయంత్రం మామోగ్రామ్ చదివే రేడియాలజిస్టే ఎక్కువగా కనిపిస్తారు. వాళ్ల తెలివికి వంక పెట్టడం లేదు, ఈ పనిలో చూపు తయారయ్యేది చూసిన సంఖ్యతోనే. "రొమ్ము ఫొటోలు మాత్రమే చూసే డాక్టర్ ఉన్నారాండీ?" అని అడిగితే తప్పేం లేదు. ఏఐ ఇక్కడే కాస్త ఆశ కలిగిస్తోంది. స్వీడన్‌లో 80 వేల పైచిలుకు మందితో చేసిన అధ్యయనం తొలి ఫలితం 2023లో వచ్చింది, ఏఐ సాయంతో చదివితే డాక్టర్లు చదవాల్సిన పని 44 శాతం తగ్గింది, దొరికే క్యాన్సర్లు మాత్రం తగ్గలేదు. అక్కడ కూడా చివరి మాట డాక్టర్‌దే.

ఇంత డిజిటల్‌లో తీసి మన చేతికి ఇచ్చేదేమిటంటే పెద్ద కవర్‌లో పెట్టిన ప్రింటు ఫిల్ము. డాక్టర్ దాన్ని కిటికీ వెలుగుకో ట్యూబ్‌లైటుకో ఎత్తిపట్టి చూస్తారు. వెలుగు పెంచి తగ్గించుకునే, పెద్దది చేసుకునే సౌకర్యం, అంటే డిజిటల్‌లోని అసలు బలం, ప్రింటు తీయగానే పోయినట్టే. రేడియాలజిస్టు చదివే మానిటర్ కూడా ఆఫీసు కంప్యూటర్‌ది కాదు, దానికోసమే చేసిన ఐదు మెగాపిక్సెల్ స్క్రీన్ ఉంటుంది. అందుకని ఫిల్ముతో పాటు సీడీనో పెన్‌డ్రైవో లింకో అడిగి తీసుకోండి, అందులో డైకామ్ ఫైళ్లు, అంటే మెషిన్ తీసిన అసలు బొమ్మల ఫైళ్లు, ఉన్నాయో లేదో కనుక్కోండి. వాట్సాప్‌లో పంపే ఫొటో దేనికీ పనికిరాదు, ఫోన్‌లో ఫిల్ముని ఫొటో తీసి అమెరికాలో ఉన్న బంధువు డాక్టర్‌కి పంపడం అంతకన్నా దండగ. రెండేళ్ల తర్వాత కొత్త మామోగ్రామ్‌లో ఏదో మచ్చ కనిపించిందనుకోండి, అది పాతదాంట్లోనూ అలాగే ఉందని తేలితే సూది పరీక్షే తప్పిపోవచ్చు, లేదంటే కొత్తగా వచ్చిందని తెలిసి త్వరపడొచ్చు. ఇక్కడి నుంచి అమెరికా వెళ్లేవాళ్లు, పెళ్లయి ఊరు మారేవాళ్లు పాత రిపోర్టు కాగితం తీసుకెళ్లి సీడీ పుట్టింట్లో వదిలేస్తారు. సీడీ పెట్టే చోటే ఇప్పుడు ల్యాప్‌టాప్‌లకి ఉండట్లేదు, ఇచ్చిన రోజే సెంటర్‌లో ఉండగానే ఆ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించుకుంటే సరిపోతుంది.